సాయంత్రం తడిమే చెయ్యి

మా నాయనమ్మ బడికి వెళ్లలేదు గానీ ఆవును చదవడం ఆవిడకు బాగా వచ్చు. పొద్దువాలి పశువులు ఇంటికొచ్చాక, పాలచెంబు పట్టుకుని కూర్చునే ముందు, ఆవిడ చెయ్యి ఆవు ఒంటి మీద ఒక చుట్టు తిరిగేది. ముందు చెవుల లోపల, తర్వాత గంగడోలు మడతల్లో, ఆ తర్వాత ముందుకాళ్ల చంకల్లో, పొదుగుకూ తొడకూ మధ్య సందులో, చివరికి తోక మొదట్లో. నోరు నాతో ఊరి కబుర్లు చెబుతూనే ఉండేది. వేళ్లు మాత్రం వాటి దారిన అవి పోయేవి. ఎక్కడో టక్కున ఆగేవి. పిడుదు! లాగి, పక్కనున్న కిరసనాయిలు డబ్బాలో పడేసేది. నేను సరదాపడి నలపబోతే, "నలపబాక నాయనా, చేతికంటుద్ది" అనేది.

ఆ పనికి పట్టేది రెండు నిమిషాలు. ఒక్క సాయంత్రం మానినట్టు నాకు గుర్తులేదు.

నలభై ఏళ్ల తర్వాత, ఒక జూన్ నెలలో, న్యూజెర్సీలో మా చెల్లెలి ఇంట్లో స్నానం చేస్తుంటే ఆ చెయ్యి గుర్తొచ్చింది. ముందురోజు సాయంత్రం పెరటి చివర గోంగూర మడికి కంచె కడుతూ చాలాసేపు గడ్డిలో కూర్చున్నాను. రాత్రిళ్లు జింకలొచ్చి మడంతా మేసిపోతున్నాయని బావగారి గోల. ఇప్పుడు చూస్తే నడుము దగ్గర, మొలతాడు ఒరుసుకునే చోట, గసగసం గింజంత నల్లచుక్క. కొత్త పుట్టుమచ్చ కాబోలనుకున్నాను. గోరు తగిలించి చూశాను, కదల్లేదు. అద్దం ముందుకెళ్లి తేరిపార చూస్తే దానికి కాళ్లున్నాయి.

నా కాళ్లు వణికాయి. ఆసుపత్రికి పోదాం పదమని గొడవ మొదలుపెట్టాను. చెల్లెలు నవ్వలేదు, కంగారూ పడలేదు. సొరుగులోంచి సన్నమొన ట్వీజర్లు తెచ్చి, "కదలకు అన్నయ్యా" అని ఒక్క లాగుతో దాన్ని తీసింది. టేపు ముక్కకు అంటించి ఫొటో తీసింది. వంటింటి క్యాలెండర్లో ఆ రోజు గడిలో "అన్నయ్య, నడుము, కుడివైపు" అని రాసింది. "నిన్న సాయంత్రం ఎక్కింది, ఇంకా రోజు కూడా కాలేదు. నెలరోజులు ఒంటిమీద ఒక కన్నేసి ఉంచుదాం" అని చెప్పి పెనం మీద దోసె వేసింది.

ఇద్దరం చూసింది ఒకే పురుగును. నా దగ్గర భయం ఉంది, ఆమె దగ్గర ఒక వరస ఉంది. ఏం ముందు చెయ్యాలో, ఏం తర్వాత చెయ్యాలో తెలిసినవాడికి కంగారు పడటానికి తీరిక దొరకదు. ఆ వరస నేర్పడమే ఈ అధ్యాయం పని.

ఈ పుస్తకం చదివేవాళ్లలో అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో ఉంటున్న తెలుగువాళ్లు, పిల్లల దగ్గర ఆర్నెల్లు గడపడానికి వెళ్లే తల్లిదండ్రులు చాలామంది ఉంటారు. ఇది ముందుగా వాళ్లకోసం. మిగతావాళ్లకు చివర్లో నాలుగు మాటలున్నాయి.

ఎలుక పెట్టే అప్పు

పిడుదును మన ఊళ్లలో కొందరు గోమారి అంటారు. న్యూజెర్సీ, న్యూయార్క్, కనెక్టికట్, పెన్సిల్వేనియా వైపు మనుషులకు పెద్ద బెడద నల్లకాళ్ల పిడుదు. దాని కడుపులో ఉండగలిగే బ్యాక్టీరియాల్లో ముఖ్యమైనది బొరీలియా బర్గ్‌డార్ఫెరి. లైమ్ వ్యాధికి అదే కారణం. 2010 నుంచి 2018 వరకు ఉన్న లెక్కలు చూసి, ఏటా సుమారు 4,76,000 మంది అమెరికాలో ఈ వ్యాధికి చికిత్స పొందుతున్నారని అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ అంచనా వేసింది.

పిడుదు గుడ్డులోంచి వచ్చేటప్పుడు దాని కడుపులో ఈ బ్యాక్టీరియా ఉండదు. రెండేళ్ల దాని బతుకులో అది భోంచేసేది మూడే మూడుసార్లు. పిల్ల పురుగుగా ఒకసారి, నడిమి దశలో ఒకసారి, పెద్దదయ్యాక ఆడది ఒకసారి. పిల్ల పురుగుకు ఆరు కాళ్లు. అది నేలకు దగ్గరగా ఏ చిన్న జంతువు దొరికితే దాన్ని పట్టుకుంటుంది. అలా ఎక్కువగా దొరికేది తెల్లకాళ్ల ఎలుక. ఈ ఎలుక ఒంట్లో బొరీలియా హాయిగా కాపురముంటుంది. ఎలుకకు జబ్బు చేసినట్టు కనిపించదు, క్రిమి చావదు. పిల్ల పురుగు తాగిన తొలి రక్తంలోనే ఆ అప్పు దానికి అంటుకుంటుంది. మరుసటి ఏడాది వసంతానికి ఎనిమిది కాళ్లతో నడిమి దశకు వచ్చి, ఆ అప్పును మోసుకుంటూ గడ్డి పోచ ఎక్కి కూర్చుంటుంది.

మరి జింక మాటేమిటి? పెరట్లోకి జింక రాగానే మనం ఇండియాకు వీడియో కాల్ చేసి చూపిస్తాం. లైమ్ సంగతి తెలిశాక అదే జింకను తిట్టుకుంటాం. నిజానికి జింక ఈ బ్యాక్టీరియాను పిడుదుకు అంటించదు. దాని రక్తంలో బొరీలియా బతకలేదు. అది చేసేది అన్నదానం. పెద్ద పిడుదులు దాని మీద కడుపునిండా తాగి, జతకట్టి, నేలరాలి, ఒక్కొక్కటి సుమారు 2,000 గుడ్లు పెడతాయి. ఎలుక బ్యాక్టీరియాను ఇస్తే జింక పిడుదుల సంతతిని పెంచుతుంది. రెండూ కలిస్తేనే ఈ వ్యవహారం నడుస్తుంది.

అమెరికా పడమటి తీరాన దీనికి తిరగబడిన కథ ఒకటుంది. కాలిఫోర్నియాలో కంచెల మీద ఎండ కాచుకునే బల్లి ఒకటుంది, చూడటానికి మన తొండలా ఉంటుంది. అక్కడి పిడుదు పిల్లలు దాని రక్తం తెగ తాగుతాయి. ఆ రక్తంలోని ఒక ప్రోటీన్ పిడుదు కడుపులో ఉన్న బొరీలియాను చంపేస్తుందని 1998లో శాస్త్రవేత్తలు చూపించారు. ఆ బల్లి రక్తం తాగిన పిడుదు శుభ్రమై బయటికొస్తుంది. ఆ తీరాన లైమ్ తక్కువగా ఉండటానికి ఈ బల్లి కూడా ఒక కారణం కావచ్చు.

న్యూయార్క్ రాష్ట్రంలోని మిల్‌బ్రూక్‌లో, కేరీ ఇన్‌స్టిట్యూట్‌లో రిచర్డ్ ఆస్ట్‌ఫెల్డ్ అనే జీవావరణ శాస్త్రవేత్త ఏళ్ల తరబడి ఎలుకల్నీ పిడుదుల్నీ లెక్కపెట్టారు. ఆయన బృందం చెప్పిన గొలుసు ఇది. ఓక్ చెట్లు కొన్నేళ్లకోసారి విరగకాస్తాయి. ఆ శరదృతువులో కాయలు పుష్కలంగా దొరికితే చలికాలం గట్టెక్కిన ఎలుకలు మరుసటి వేసవికి తామరతంపరగా పెరుగుతాయి. అప్పుడు పుట్టిన పిడుదు పిల్లలకు ఎలుకల కరువుండదు. ఆ పైఏటి వేసవిలో బ్యాక్టీరియా మోసే నడిమి పిడుదులు ఎక్కువవుతాయి. మీ వీధిలో ఒక ఏడాది ఓక్ కాయలు చెప్పుల కింద కరకరలాడితే, ఆ తర్వాత రెండో వేసవిని గుర్తుపెట్టుకోండి.

గడియారం మీ వైపే ఉంది

గడ్డి చివర కూర్చున్న పిడుదు ఎగరలేదు, దూకలేదు. ముందుకాళ్లు గాలిలోకి చాచి ఎదురుచూస్తుంది. ఆ కాళ్లలో ఉన్న ఒక అవయవం మన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువును, ఒంటి వేడిని పసిగడుతుంది. మన పంచె అంచో ప్యాంటు కాలో తగిలిన క్షణం పట్టేసుకుంటుంది. ఆ తర్వాత మెత్తటి చోటు వెతుక్కుంటూ పైకి పాకుతుంది. కరిచిన చోట మొద్దుబారేలా, రక్తం గడ్డకట్టకుండా ఉండేలా దాని లాలాజలంలో సరంజామా ఉంది. అందుకే దోమ కుట్టినట్టు చురుక్కుమనదు. నొప్పి తెలిస్తే చూద్దాంలే అనుకుంటే ఎప్పటికీ చూడలేరు.

ఇప్పుడు అసలు ధైర్యమిచ్చే మాట. పిడుదు అంటుకోగానే బొరీలియా మన రక్తంలోకి దూకదు. అది పిడుదు నడిమి పేగులో, గోడను పట్టుకుని నిద్రపోతున్నట్టు ఉంటుంది. వెచ్చటి రక్తం లోపలికి దిగాక అది మేలుకోవాలి, తన పైపొరలోని ప్రోటీన్‌ను మార్చుకోవాలి, పేగు గోడ విడిచి లాలాజల గ్రంథుల దాకా ప్రయాణం చెయ్యాలి. దీనికంతటికీ సాధారణంగా 24 గంటలకు పైగానే పడుతుంది. అంటే రోజుకోసారి ఒళ్లు తడుముకుని పిడుదును తీసేసేవాడు, క్రిమి బయలుదేరేలోపే బండిని ఆపేస్తున్నాడన్నమాట.

మా నాయనమ్మకు ఈ పేగు గోడ కథ తెలియదు. సాయంత్రం దాటనివ్వకూడదని మాత్రం తెలుసు.

ఒక్క హెచ్చరిక. ఈ 24 గంటల లెక్క లైమ్ బ్యాక్టీరియాది. పిడుదులు మోసే క్రిములన్నీ ఇంత తాపీగా ఉండవు. కాబట్టి కనిపించిన పిడుదును "ఇంకా టైముంది" అని వదిలెయ్యకండి. కనిపించిన నిమిషమే తియ్యండి.

నోటు పుస్తకం పట్టుకున్న తల్లి

ఈ జబ్బుకు పేరు పెట్టించింది ఒక గృహిణి. పేరు పాలీ మర్రే. ఊరు కనెక్టికట్ రాష్ట్రంలోని లైమ్. చిత్రాలు గీసే అలవాటున్న ఆమె నలుగురు పిల్లల తల్లి. ఏళ్ల తరబడి ఆమెకూ, ఇంట్లోవాళ్లకూ అర్థంకాని దద్దుర్లు, జ్వరాలు, మోకాళ్ల వాపులు. డాక్టర్లు మారారు, జవాబు మారలేదు. ఇదంతా మీ మనసులో ఉన్న జబ్బని తేల్చినవాళ్లూ ఉన్నారు.

అలాంటి మాట విన్నాక మనలో చాలామందిమి రెండే పనులు చేస్తాం. నోరు మూసుకుంటాం, లేకపోతే పోట్లాడతాం. పాలీ మూడో పని చేసింది. రాసుకుంది. ఎవరికి ఎప్పుడు ఏ కీలు వాచింది, ఎన్నాళ్లుంది, చుట్టుపక్కల ఇంకెవరికి ఇలా ఉంది, అన్నీ. 1975లో ఆ వివరాలతో రాష్ట్ర ఆరోగ్య శాఖకు ఫోన్ చేసింది. ఆ సమయంలోనే అదే ప్రాంతంలోని ఇంకో తల్లి కూడా తన పాపకొచ్చిన కీళ్ల జబ్బు గురించి, ఇరుగుపొరుగు పిల్లల గురించి చెప్పింది. యేల్ విశ్వవిద్యాలయంలో కీళ్ల వైద్యం నేర్చుకుంటున్న యువ డాక్టర్ అలెన్ స్టీర్ దగ్గరకు ఈ సంగతి వచ్చింది. ఆయన ఇంటింటి వివరాలు సేకరించి, పక్కపక్కనున్న మూడు ఊళ్లలో 39 మంది పిల్లల్నీ 12 మంది పెద్దల్నీ గుర్తించారు. చాలామంది అడవి అంచు ఇళ్లవాళ్లు. జబ్బు మొదలైంది ఎక్కువగా వేసవిలోనే. నలుగురిలో ఒకరికి కీళ్లు వాచకముందు చర్మం మీద వింత మచ్చ వచ్చింది. 1977లో ఈ వివరాలు ప్రచురించారు. ఆ తర్వాత ఒక రోగి తనను కరిచిన పిడుదును పారెయ్యకుండా దాచి తెచ్చిచ్చాడు. ఏ జాతి పిడుదో తెలిసింది అలాగే.

క్రిమి దొరకడానికి ఇంకో నాలుగేళ్లు పట్టింది. 1981లో మోంటానా రాష్ట్రం హామిల్టన్‌లోని రాకీ మౌంటెన్ ప్రయోగశాలలో విల్లీ బర్గ్‌డార్ఫర్ అనే స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త న్యూయార్క్ దగ్గరి షెల్టర్ ద్వీపం నుంచి వచ్చిన పిడుదుల పేగుల్ని కోసి చూస్తున్నారు. ఆయన వెతుకుతున్నది రికెట్సియా అనే వేరే బ్యాక్టీరియా కోసం. మైక్రోస్కోపులో సన్నగా, మెలికలు తిరిగి ఉన్నవి ఏవో కనిపించాయి. ఇంకొకరైతే పక్కన పెట్టేసేవారేమో. కుర్రతనంలో ఆయన పరిశోధన చేసింది పిడుదుల్లో ఉండే అలాంటి మెలికల క్రిముల మీదే. చూడగానే పాత చుట్టాన్ని గుర్తుపట్టినట్టు గుర్తుపట్టారు. 1982లో ప్రచురించారు. 1984లో ఆ క్రిమికి ఆయన పేరే పెట్టారు.

ఈ కథలో ముగ్గురు చేసిన పనులు చూడండి. ఒకామె రాసిపెట్టింది, ఒకాయన పురుగును దాచిపెట్టాడు, ఒకాయన అనుకోనిది కనిపించినా కళ్లు తిప్పుకోలేదు. వీటిలో ఏదీ మనకు చేతకాని పని కాదు.

అయిదు పనులు, ఒకే వరస

అలవాటు నిలబడాలంటే దాన్ని పాత అలవాటుకు ముడెయ్యాలి. సాయంత్రం స్నానం మనకు ఎలాగూ ఉంది. దానికే దీన్ని కట్టండి.

ఒకటి: బయలుదేరేటప్పుడు. లేత రంగు బట్టలు, పొడుగు ప్యాంటు, దాని అంచు మేజోళ్లలోకి దోపడం. చూసేవాళ్లు నవ్వితే నవ్వనివ్వండి. చర్మానికి డీట్ లేదా పికారిడిన్ ఉన్న మందు రాసుకోవాలి. పెర్మెత్రిన్ 0.5 శాతం ఉన్న స్ప్రే బట్టలకూ బూట్లకూ మాత్రమే కొట్టాలి, ఒంటికి కాదు. నడిచేటప్పుడు బాట మధ్యలో నడవండి. పిడుదు కాపుకాసేది అంచుల్లో.

రెండు: గుమ్మంలో. ఇక్కడ మన అలవాటు తలకిందులు చెయ్యాలి. మనం బట్టలు ముందు ఉతికి తర్వాత ఆరేస్తాం. చన్నీళ్లలో ఎంత ఉతికినా పిడుదు చావదు. దానికి తడి ప్రాణం, పొడి వేడి మృత్యువు. పొడిబట్టల్ని అలాగే డ్రయ్యర్లో వేసి, ఎక్కువ వేడి మీద 10 నిమిషాలు తిప్పండి. తర్వాత కావాలంటే ఉతుక్కోండి.

మూడు: స్నానం. ఇంటికొచ్చిన రెండు గంటల్లోపు. ఇంకా అంటుకోకుండా తిరుగుతున్న పిడుదులు నీళ్లతో కొట్టుకుపోతాయి.

నాలుగు: తడమడం. ఆవుకు నాయనమ్మ చేసిన వరసే. జుట్టు లోపల, పిల్లల జడ పాయల మధ్య, చెవుల వెనక, చంకల్లో, బొడ్డులో, మొలతాడు దగ్గర, గజ్జల్లో, మోకాళ్ల వెనక. మీరు వెతకాల్సింది పెద్ద పురుగును కాదు. మే నుంచి జులై దాకా తిరిగే నడిమి పిడుదు గసగసం గింజంత, శరదృతువులో కనిపించే పెద్దది తాగకముందు నువ్వుగింజంత ఉంటుంది. 2018లో సీడీసీ గసగసాలు చల్లిన మఫిన్ ఫొటో ఒకటి పెట్టి, ఇందులో అయిదు పిడుదులున్నాయి, కనిపెట్టండి అంది. తిండి మీద అసహ్యం పుట్టించారని జనం కోప్పడితే క్షమాపణ కూడా చెప్పింది. కానీ ఆ ఫొటో చూసినవాళ్లు ఆ కొలత మరిచిపోరు. మీ పోపులపెట్టెలోంచి చిటికెడు గసగసాలు తీసి అరచేతిలో వేసుకుని ఒకసారి చూడండి. మీ కంటికి అదే శిక్షణ. ఒక్కోసారి కంటికంటే వేలికే ముందు దొరుకుతుంది.

అయిదు: పెరడు. రాలిన ఆకులు ఊడ్చెయ్యండి, గడ్డి పొట్టిగా కొట్టండి. కట్టెల మోపులు ఎండ తగిలేచోట ఒద్దికగా పేర్చండి, ఎలుకలు వాటిలో కాపురాలు పెట్టకుండా. చెట్ల గుంపుకూ మీ పచ్చికకూ మధ్య మూడడుగుల వెడల్పున గులకరాళ్లో చెక్కపొట్టో పరిస్తే పిడుదు దాన్ని దాటడానికి జంకుతుంది. పిల్లల ఉయ్యాల ఆ గీతకు ఇవతలే ఉండాలి.

దొరికితే ఎలా తియ్యాలి

ఈ ఒక్క విషయంలో నాయనమ్మ మాట పక్కన పెట్టండి. ఆవిడ వట్టి వేళ్లతో లాగేది. మీరు సన్నమొన ట్వీజర్లు వాడండి. పిడుదు పొట్టను కాదు, చర్మానికి ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గర, దాని నోటి దగ్గర పట్టుకోండి. మెలితిప్పకుండా, కుదపకుండా, ఒకే బిగువుతో నిటారుగా పైకి లాగండి. దాని నోటికి ముళ్లున్నాయి, అందుకే కాస్త ఆగి వస్తుంది. నోటి ముక్క చర్మంలో ఉండిపోతే సులువుగా వచ్చినంత తియ్యండి, రాకపోతే వదిలెయ్యండి. సూదితో తవ్వితే పుండవుతుంది. చర్మమే దాన్ని బయటికి నెట్టేస్తుంది. తర్వాత సబ్బునీళ్లతోనో స్పిరిట్‌తోనో కడగండి.

అగ్గిపుల్ల, వాజిలీన్, గోళ్ల రంగు, కొబ్బరినూనె, ఇవేవీ వద్దు. పిడుదు తనంతట తానే వదులుతుందని ఎదురుచూడటమంటే గడియారాన్ని దాని చేతికి ఇవ్వడమే. పైగా దాన్ని హింసపెడితే కడుపులో ఉన్నది గాయంలోకి కక్కే ప్రమాదముంది.

తీసిన పిడుదును నలపకండి. ఇక్కడ నాయనమ్మ మాట అక్షరాలా నిజం. టేపుకు అంటించండి, లేదా మూత ఉన్న సీసాలో స్పిరిట్ పోసి వెయ్యండి. ఫొటో తియ్యండి. తేదీ, ఊరు, ఒంటిమీద చోటు రాసుకోండి. ఏ జాతో గుర్తించడానికి ఆ ఫొటో పనికొస్తుంది. పిడుదును ల్యాబుకు పంపి పరీక్ష చేయించాలనే ఆరాటం మాత్రం వద్దు. దానిలో క్రిమి ఉన్నంతమాత్రాన అది మీలోకి వచ్చినట్టు కాదు. లేదని తేలితే మీకు తెలియకుండా కరిచిన ఇంకో పిడుదు సంగతి మరిచిపోతారు.

డాక్టరు దగ్గర తేదీలు మాట్లాడాలి

పిడుదు బాగా ఉబ్బి ఉన్నా, ఒకటిన్నర రోజు దాటి అంటుకుని ఉందనిపించినా డాక్టరుకు వెంటనే ఫోన్ చెయ్యండి. లైమ్ ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో, తీసిన 72 గంటల్లోపైతే ముందుజాగ్రత్తగా డాక్సీసైక్లిన్ ఒకే ఒక్క మోతాదు ఇవ్వడం వాళ్లు ఆలోచిస్తారు. ఆ నిర్ణయం వాళ్లది. ఇంట్లో మిగిలిపోయిన యాంటీబయాటిక్ మింగడం మీ పని కాదు.

ఆ తర్వాత నెలరోజులు గమనించండి. లైమ్ సోకినవాళ్లలో నూటికి 70 నుంచి 80 మందికి, 3 నుంచి 30 రోజుల మధ్య కరిచినచోట మచ్చ వస్తుంది. రోజురోజుకూ వెడల్పవుతుంది. దురద, నొప్పి పెద్దగా ఉండవు. పుస్తకాల్లో బొమ్మ తెల్లతోలు మీద, ఎర్రటి వలయంలో వలయంగా ఉంటుంది. మన చామనఛాయ చర్మం మీద అది అంత ఎర్రగా కనపడకపోవచ్చు. కమిలినట్టు, నీలిరంగు తిరిగినట్టు ఉండొచ్చు. మధ్యలో వలయం లేకుండానూ ఉండొచ్చు. కాబట్టి రంగును నమ్ముకోకండి, పెరుగుతోందా లేదా చూడండి. బాల్ పెన్నుతో అంచు చుట్టూ గీత గీసి, రోజూ ఫొటో తియ్యండి. గీత దాటితే ఆ ఫొటోలతో డాక్టరు దగ్గరకు వెళ్లండి.

మచ్చ లేకుండా జ్వరం, తలనొప్పి, కండరాల నొప్పులు మాత్రమే వచ్చినా చెప్పాల్సిందే. అదే నల్లకాళ్ల పిడుదు అనాప్లాస్మా అనే ఇంకో బ్యాక్టీరియాను కూడా మోస్తుంది. దానికి మచ్చ ఉండకపోవడమే మామూలు. కుక్కపిడుదు మోసే రాకీ మౌంటెన్ మచ్చల జ్వరమైతే ఆలస్యం చేస్తే ప్రాణాలు తీస్తుంది. పరీక్ష ఫలితం కోసం ఆగకుండా డాక్టర్లు మందు మొదలుపెట్టేది అందుకే. లైమ్ రక్తపరీక్ష కూడా మొదటి వారాల్లో తప్పుదారి పట్టించవచ్చు. యాంటీబాడీలు తయారవడానికి సమయం పడుతుంది. తొలిదశలో పట్టుకుంటే చాలామందికి రెండు వారాల మందుతో నయమవుతుంది. వదిలేస్తే ముఖం ఒకపక్క వాలిపోవడం, గుండె లయ తప్పడం, నెలల తర్వాత మోకాలు వాచిపోవడం దాకా వెళ్తుంది.

ఇక అమ్మానాన్నలకు ఒక మాట. మీరు జులైలో అమెరికా తోటల్లో తిరిగి ఆగస్టులో హైదరాబాదో విజయవాడో వచ్చేశారనుకోండి. వచ్చాక జ్వరం, లేదా సంక్రాంతి నాటికి మోకాలు వాపు. ఇక్కడి డాక్టరు డెంగీ చూస్తాడు, మలేరియా చూస్తాడు, వయసుకు వచ్చిన అరుగుదల అంటాడు. ఆయన తప్పేమీ లేదు, ఆయన ఉన్న ఊళ్లో లైమ్ ఆలోచనకు రాదు. "డాక్టరుగారూ, నేను ఫలానా నెలలో న్యూజెర్సీలో చెట్లమధ్య నడిచాను" అన్న ఒక్క వాక్యం మీరు అందించాలి. ఆ వాక్యం మీ ఫైల్లో మొదటి కాగితం మీద రాసిపెట్టుకోండి.

మనం చెప్పుకునే మూడు సాకులు

"నేను అడవికి వెళ్లలేదు కదా!" అడవే మీ దగ్గరకొచ్చింది. ఒకప్పుడు ఈశాన్య అమెరికాలో చెట్లు కొట్టి పొలాలు చేశారు, జింకలు అరుదైపోయాయి. తర్వాత పొలాలు వదిలేశారు, చెట్లు మళ్లీ లేచాయి, తోడేళ్లు లేని అడవిలో జింకలు పెరిగాయి, వాటి మధ్య మన కాలనీలు లేచాయి. చాలామందికి పిడుదు ఎక్కేది సొంత పెరట్లోనే.

"మా కుక్కకు మందు వేయించాం." అది కుక్కను కాపాడుతుంది. దాని బొచ్చు మీద తిరుగుతూ వచ్చి మీ సోఫా ఎక్కిన పిడుదును ఆపదు. కుక్కనూ తడమండి.

"ఇంత భయపడితే బయటికెలా వెళ్తాం?" ఈ మాట నేనూ అన్నాను, మా చెల్లెలితో. ఆమె చెప్పింది, "నువ్వు భయపడి లోపల కూర్చున్నావు. పిల్లలు వారం వారం ట్రెయిల్‌కి వెళ్తున్నారు. వచ్చాక చూసుకుంటారు, అంతే." ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

మన ఊళ్లో ఉన్నవాళ్లకు

తెలుగు రాష్ట్రాల్లో వానాకాలం తర్వాత వచ్చే స్క్రబ్ టైఫస్ కూడా బ్యాక్టీరియా జబ్బే. దాన్ని మోసేది పిడుదు కాదు, పొదల్లో ఉండే అతిచిన్న నల్లిజాతి పురుగు పిల్ల. అది కుట్టినచోట కొందరికి సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు కడుతుంది. చంకల్లో, గజ్జల్లో, రొమ్ముల కింద, నడుము దగ్గర, అంటే ఎవరూ చూడని చోట. జ్వరంతో వెళ్లినప్పుడు ఆ పెచ్చును మీరే చూపించగలిగితే డాక్టరుకు సగం పని తగ్గుతుంది. పొలం నుంచి వచ్చాక స్నానం, బట్టలు మార్చడం, ఒళ్లు చూసుకోవడం, వరస అదే.

ఈ వారం సాధన

మొదటి రోజు: గసగసాలు అరచేతిలో వేసుకుని చూడండి. ఇంట్లో అందరికీ చూపించండి.

రెండో రోజు: సన్నమొన ట్వీజర్లు, టేపు, పెన్ను, చిన్న సీసా ఒక డబ్బాలో పెట్టి స్నానాల గది దగ్గర ఉంచండి.

మూడో రోజు: తడిమే చోట్ల వరస ఒక కాగితం మీద రాసి అద్దానికి అంటించండి.

నాలుగో రోజు నుంచి ఏడో రోజు దాకా: బయటికి వెళ్లినా వెళ్లకపోయినా స్నానమప్పుడు ఆ వరస పూర్తి చెయ్యండి. చేసిన రోజు క్యాలెండర్లో ఒక చుక్క పెట్టండి.

నా నడుము మీద ఆ నెలలో ఏ మచ్చా రాలేదు. క్యాలెండర్లో ఆ గడి పక్కన చెల్లెలు ముప్పై రోజులకు ఒక టిక్కు పెట్టి ఫొటో పంపింది. దాని కింద మా మేనల్లుడి గొంతుతో ఒక వాయిస్ మెసేజ్. ఏడేళ్లవాడు, నేను చెప్పిన ఆవు కథ విన్నాక తన వరస తానే కట్టుకున్నాడట. స్నానాల గదిలోంచి అరుస్తున్నాడు: "చెవులు చూశా, చంకలు చూశా, మొలతాడు లేదు కాబట్టి నడుము చూశా. తోక మొదలు అమ్మ చూడాలి!"